గబ్బిలాలు వేలాడిన పెండ్లి కోటు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటు మీటింగులో నేను గబ్బిలాల తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. నన్ను ఎరిగినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. గబ్బిలమంటే నాకు ఎంత రోత అంటే, మూసి మూలన పెట్టిన నల్ల గొడుగు కనబడినా ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే జన్మలో నల్ల గొడుగు కొనలేదు. మంచిర్యాల వానలో పసుప్పచ్చ గొడుగు వేసుకుని, సర్కసు డేరాలోంచి పారిపోయి వచ్చినట్టు నడిచే నడివయసు ఆడమనిషి మీకెక్కడైనా ఎదురైతే అది నేనే.

సంగతేమంటే, మా రెండు బ్లాకుల నడుమ గోడ సందులో గబ్బిలాలు కాపురం పెట్టాయి. పండ్లు తినే పెద్దవి కావు, పురుగులు తినే బొటనవేలంత రకం. మూడో అంతస్తు బాల్కనీలో పొద్దున లేచేసరికి నల్ల జీలకర్ర చల్లినట్టు పెంటికలు. కరోనా వచ్చిపోయిన నాటి నుంచి గబ్బిలం పేరు వింటేనే మాస్కు వెతుక్కునే జనం కదా, సెక్రెటరీ వెంటనే ఒకతన్ని పిలిపించాడు. అతను సందులోకి ఏదో నురగ కొడతాడట. గంటలో అది బండలా గట్టిపడుతుందట.

"పది నిమిషాల పని మేడం. మాపటికి అవి బయటికి పోంగనే కొట్టేస్త. మల్ల రమ్మన్నా రావు," అన్నాడతను, మెచ్చుకుంటాననుకుని.

నేను లేచి నిలబడ్డాను. "నెలన్నర ఆగుర్రి. ఇప్పుడు లోపల పిల్లలుంటయి. అవి ఎగిరిపోయినంక మీరు గోడనే కూలగొట్టుకోండి, నాకేం," అన్నాను. దోమల సంగతి చెప్పాను. తల్లి గబ్బిలం పిల్లను ఇంట్లో ఉంచి మేతకు పోతుందని చెప్పాను. ఇంకా చాలా చెప్పాను. చివరికి అందరూ ఒప్పుకున్నారు. జాలి పుట్టి ఒప్పుకున్నారని అనుకోవద్దు. నేను మాట్లాడటం ఆపుతానని ఒప్పుకున్నారు.

"మీకు గబ్బిలాలంటే గంత ప్రేమ ఎందుకు మేడం?" అని లిఫ్టులో అడిగింది ఎదురింటావిడ.

ప్రేమ! ఇంటికొచ్చి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. ముట్టుకున్నందుకు కాదు తల్లీ, వాటి గురించి అంతసేపు మాట్లాడినందుకు.

మా బాపు దర్జీ. లక్సెట్టిపేటలో బస్సులాగే చోటికి కూతవేటు దూరంలో గూనపెంకుల దుకాణం, దాని వెనకే మేముండే రెండర్రలు. దుకాణంలో ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, గోడకు మేకులు, ఆ మేకులకు ఊరి జనం లాగులూ అంగీలూ. వెనక అర్ర గడపలో మా అవ్వ, అంటే అమ్మ, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఇస్త్రీపెట్టె బొగ్గుల వాసన, మిషను నూనె వాసన, కొత్త బట్ట గంజి వాసన, అవ్వ తంబాకు వాసన, పక్కన గాజుల దుకాణం నుంచి, వీధంతా నానీ అని పిలిచే ముసలమ్మ నమిలే పాన్ వాసన. ఇంతవరకు బాగానే ఉంది కదా! ఇప్పుడు అన్నిటినీ తొక్కిపారేసే వాసన చెబుతాను.

దుకాణంలో దూలానికీ గోడకూ మధ్య రెండు వేళ్ళు పట్టే సందు ఉండేది. అందులో గబ్బిలాలు. ఎన్ని? నన్నడిగితే లక్ష. బాపు నలభై అనేవాడు. ఆ సందులోంచి దిగే కంపు ఎలాంటిదంటే, తడిసిన గొంగడిలో కుళ్ళిన నిమ్మకాయలు చుట్టి, దాన్ని మూడేళ్ళు స్నానం చేయని పొట్టేలుకు కప్పి, ఆ పొట్టేలును తీసుకొచ్చి మీ మంచం కింద కట్టేసినట్టు. ఎండాకాలం ఆ కంపుకు కాళ్ళొచ్చి వీధిలోకి నడిచేది. బస్సు దిగిన కొత్తవాళ్ళు ముక్కు పట్టుకుని, మా దుకాణం చూసి, ఇది దర్జీ దుకాణమా, తోళ్ళ దుకాణమా అని అడిగేవాళ్ళు.

పొద్దున్నే ఆ పెంట ఊడ్చే పని నాది. ఎలుక పెంటికలా ఉంటుంది కాని వేళ్ళ మధ్య నలిపితే పొడిపొడిగా రాలి తళుక్కుమంటుంది. అవి తిన్న పురుగుల రెక్కల ముక్కలన్నమాట. నలిపి ఎందుకు చూశానని అడగకండి. పదేళ్ళ పిల్లకు అసహ్యమూ కావాలి, అసహ్యం లోపల ఏముందో కూడా కావాలి. నేను ఆ వయసులో ఊడ్చిన పెంటంతా పోగేస్తే గోదావరికి అడ్డంగా కట్ట పోయవచ్చు.

తిండి మీద దయ ఉండేదా వాటికి? ఒకనాడు బాపు మిషను దగ్గరే కూచుని పచ్చిపులుసు పోసుకుని అన్నం తింటున్నాడు. సగం తిని, "ఏమే, ఇయాల పచ్చిపులుసు మంచిగున్నది. జీలకర్ర పంటికింద తగులుతున్నది," అన్నాడు.

గడపలోంచి అవ్వ, "నేను జీలకర్రనే ఎయ్యలేదయ్యా," అంది.

బాపు నమలడం ఆపాడు. గిన్నెలోకి చూశాడు. తలెత్తి దూలం వైపు చూశాడు. ఆ రోజు ఆయన నోరు పుక్కిలించిన నీళ్ళతో మా బాయి అడుగంటింది. ఆ తర్వాత మా ఇంట్లో జీలకర్ర వాడకం పూర్తిగా ఆగిపోయింది. నేను ఈరోజు దాకా వాడను.

నేను మాత్రం తక్కువ తిన్నానా! ఒకప్పుడు ఊరి భూముల లెక్కలు రాసిన పట్వారీ తాత రోజూ వచ్చి మా దుకాణం బల్ల మీద కూచునేవాడు. బట్ట కుట్టించుకున్నది ఎన్నడూ లేదు, సలహాలు మాత్రం అందరికీ పంచేవాడు. నన్ను చూస్తే బాపుతో, "ఆడపొల్లకు గంత సదువెందుకోయ్," అనేవాడు. ఒక పొద్దు ఊడ్చిన పెంటను మెత్తగా నూరి ఆయన నశ్యం డబ్బీలో చిటికెడు కలిపాను. తాత పీల్చాడు. కళ్ళు తేలేశాడు. ఇస్త్రీ బల్ల కదిలేట్టు ఏడు తుమ్ములు తుమ్మాడు. కండువాతో ముక్కు తుడుచుకుని, "ఆహా, ఇయాల నశ్యం జర ఘాటు మీదున్నది. ఎక్కడ దొరుకుతున్నదో గాని అస్సల్ మాల్," అని మళ్ళీ పీల్చాడు. నేనే పెరట్లోకి ఉరికి కక్కాను.

ఇవన్నీ నవ్వులాటలు. నవ్వు రానిది బడిలో జరిగేది. ఆ కంపు నా జడల్లో కాపురముండేది. కుంకుడుకాయతో రుద్దినా పోయేది కాదు. బడిలో నా పక్కన కూచునే పిల్ల ఒకనాడు పలకా పుస్తకాలు సర్దుకుని వెనక బెంచీకి పోయింది. సారు ఎందుకని అడిగితే ముక్కు పట్టుకుని చూపించింది. ఆ సాయంత్రం నుంచి గబ్బిలాల మీద నాకు పగ పుట్టింది.

బాపుకు వాటి మీద పగ లేదు. పక్కన గాజుల నానీ ఎప్పుడూ చెప్పేది ఒకటే. "నక్కో బేటా, వాటి జోలికి పోవద్దు. మాపటికి లైటు చుట్టు పురుగులు చూడు, నీ దుకాణంల ఒక్కటన్న కనిపిస్తదా? నా దుకాణంల కూసున్నా దోమ కుట్టది. గా గబ్బిలాలు గంటెడు సేపట్ల గంపెడు దోమలు తింటయి." నానీ అప్పటికే డెబ్బై దాటిన ముసల్ది. గాజులు తొడిగేటప్పుడు ఎంత పెద్ద చెయ్యినైనా నొప్పి తెలియకుండా పిసికి పిసికి గాజు ఎక్కించేది. బాపు ఆవిడ మాట వినేవాడు. పెంట పడే చోట మాత్రం బట్టలు తగిలించకుండా సర్దుకునేవాడు.

అట్లా సర్దుకుంటూ పోయేవాళ్ళమే, మీగడరంగు బట్ట రాకపోతే.

చుట్టుపక్కల పదూళ్ళలో పేరున్న పటేలింట్లో శ్రావణంలో పెండ్లి. ఆ ఇంటివాళ్ళు అంతకు ముందు రుమాలుకు అంచు కుట్టించాలన్నా కరీంనగర్ పోయేవాళ్ళు. ఏం బుద్ధి పుట్టిందో, పెండ్లికొడుకు సూటు మా బాపుకు ఇచ్చారు. జీపు మా దుకాణం ముందు ఆగితే వీధి వీధంతా వచ్చి నిలబడింది. బాపు ఆరోజు కొలత తీసే ముందు మళ్ళీ స్నానం చేశాడు. బొంబాయి నుంచి తెచ్చిన ఉన్ని బట్ట, చిక్కటి మీగడ రంగు. దాని ముందు మమ్మల్ని గట్టిగా ఊపిరి తీసుకోనిచ్చేవాడు కాదు.

"గీ కోటు మంచిగ కుదిరితే, దుకాణం మీద సూట్ల టైలర్ అని బోర్డు రాయిస్తనే," అన్నాడు అవ్వతో. "ఇగ పెద్దింటోళ్ళందరు మన దిక్కే వస్తరు. కుదరలేదనుకో, సచ్చిందాక నాడాల లాగులే నా బతుకు."

పద్దెనిమిది రోజులు కుట్టాడు. ఆయన అట్లా కుట్టడం నేను మళ్ళీ చూడలేదు. కాలరు కింద ఒక్కో టాకా కుట్టు వేసి, లేచి దూరం నుంచి చూసేవాడు. చేతి మీద కుట్టు విప్పి మళ్ళీ వేసేవాడు. తీసుకుపోవడానికి రేపు వస్తారనగా కోటు తయారై అద్దం పక్కన మేకుకు వేలాడింది. అంత అందమైన వస్తువు మా ఇంట్లో అంతకు ముందు లేదు, తర్వాతా లేదు.

ఆ మధ్యాహ్నం దూలం మీద నుంచి ఒక చుక్క పడింది. కోటు మీద కాదు, కోటుకు జానెడు దూరంలో, బాపు కుడిచేతి మీద. పచ్చగా, వెచ్చగా. బాపు ఆ చుక్క వైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

కోటు బట్ట వచ్చిన వారానికే ఒకసారి పట్వారీ తాత సలహా మీద ఎండుమిరపకాయలు ఇస్త్రీ బొగ్గుల మీద వేసి పొగబెట్టి చూశాం. బస్సుల దగ్గర జనమంతా దగ్గి దగ్గి దండాలు పెట్టారు, ఒక డ్రైవరు బస్సునే ముందుకు తీసుకుపోయాడు. గబ్బిలాలు మాత్రం చెక్కుచెదరలేదు. చీకటి పడే వేళకు ఎప్పటిలాగే, బెల్లంపల్లి బొగ్గుబాయిలో షిఫ్టుకు పోయేవాళ్ళలా వరుసగా బయటికి పోయాయి.

ఆ వరుస గుర్తొచ్చింది తాతకు. "ఏమోయ్ దర్జీ, గంత పరేషాన్ ఎందుకు? పొద్దుగూకంగ అన్నీ బయటికి పోతయి గద. పోయినంక ఎనకనుంచి తలుపేసినట్టు గా సందు మూసెయ్. కత ఖతం," అన్నాడు.

బాపు ఎదురుగా కడుతున్న ఇంటి దగ్గర తట్టెడు సిమెంటు అడిగి తెచ్చాడు. పొద్దుగూకింది. ఒకటొకటిగా జారి బయటికి పోతుంటే తాత వేళ్ళు మడిచి లెక్కబెట్టాడు. "ఆఖరుది గూడ పోయింది. కానియ్," అన్నాడు.

బాపు తాపీ ఎత్తి, ఆగాడు. "ఆగుర్రి. లోపట పిల్లలు గిట్ల ఉన్నయేమో."

"పిల్లలుంటే తల్లి ఇడిచిపెట్టి పోతదా? ఏం మాట్లాడుతున్నవోయ్!"

"ఏమో అయ్యా, సూసినంకనే మూస్త." బాపుకు అప్పటికే చూపు తగ్గింది. సూదిలో దారం నేనే ఎక్కించేదాన్ని. "నువ్వెక్కి సూడు బిడ్డా. నీ కండ్లు మంచిగున్నయి."

ఇస్త్రీ బల్ల మీద స్టూలు, స్టూలు మీద నేను. ముక్కుకు అవ్వ కొంగు కట్టింది. బ్యాటరీ లైటు సందులోకి వేసి ఒక కన్నుతో చూశాను.

ఉన్నాయి. పొట్టు వలిచిన పల్లీగింజలంత, ఎర్రగా, పచ్చి మాంసం ముద్దల్లా, ఒకదాన్నొకటి పట్టుకుని తలకిందులుగా వేలాడుతున్నాయి. చర్మం కింద నల్లటి చుక్కలు, ఇంకా తెరుచుకోని కళ్ళు. ఒకటి లైటు వైపు తల తిప్పి నోరు తెరిచింది. గోరు చివరంత నోరు. వెనక బెంచీకి పోయిన పిల్ల కనబడింది. రేపు పొద్దున ఊడ్చాల్సిన పెంట కనబడింది.

"ఏమన్న ఉన్నయా బిడ్డా?"

"ఏం లెవ్వు బాపూ. ఉత్త పెంటనే ఉన్నది," అన్నాను.

దిగాను. బాపు కాలరు లోపల గట్టి బక్రం గుడ్డ అద్దినంత శ్రద్ధగా, ఒక్క వెంట్రుక దూరే చోటు లేకుండా సిమెంటు అద్ది నునుపు చేశాడు. తాత చాయ్ అడిగాడు. బాపు మిరపకాయ బజ్జీలు కూడా తెప్పించాడు. గిన్నె మీద మూత పెట్టకుండా తిన్నాం ఆ రోజు. నేను నాలుగు తిన్నాను. ఇప్పుడు తలుచుకుంటే గబ్బిలం పెంట కంటే ఆ నాలుగు బజ్జీలకే నాకు వాంతి వస్తుంది.

చాయ్ గ్లాసులు కింద పెట్టామో లేదో మొదటిది తిరిగొచ్చింది. నేరుగా సందు దగ్గరికి పోయి పచ్చి సిమెంటుకు తగిలి కిందికి జారింది. మళ్ళీ ఎగిరి మళ్ళీ తగిలింది. ఇంకోటి వచ్చింది. ఇంకో పది. కాసేపటికి దుకాణమంతా రెక్కలే. బల్బుకు, అద్దానికి, మా మొహాలకు తగులుతూ, గోడ మీద ఆ ఒక్క చోట పాకుతూ, గీరుతూ. అవ్వ చాట నెత్తిన బోర్లించుకుంది. అందులోని బీడీలన్నీ గబ్బిలాల్లాగే నలుదిక్కులా ఎగిరాయి. పట్వారీ తాత కండువా వదిలేసి ఎట్లా ఉరికాడంటే, మళ్ళీ మూడు రోజులు మా వీధికి సలహాలు లేవు.

చప్పుడు విని నానీ వచ్చింది. గోడను చూసింది, సిమెంటు చూసింది.

"క్యా కియా బేటా! ఏం జేసినవ్?" గోడకు చెవి ఆనించి, చెయ్యెత్తి మమ్మల్ని ఊరుకోమంది. "లోపట పిల్లలున్నయి. ఇనొస్తలేదా?"

విన్నాం. ఇస్త్రీపెట్టె మీద నీటిచుక్క పడితే వచ్చేంత చిన్న చప్పుడు. కిచ్ కిచ్ మని, ఆగకుండా.

బాపు నా వైపు చూశాడు. ఒక్కసారే. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తీసుకుని స్టూలెక్కి దాని పిడితో సిమెంటును పొడవడం మొదలుపెట్టాడు. ఆ కత్తెర ఆయనకు పని నేర్పిన ఉస్తాదుది. దాంతో కాగితం కత్తిరించినా మమ్మల్ని కొట్టేవాడు.

"ఏం జేస్తున్నవయ్యా!" అవ్వ చాట కింది నుంచి అరిచింది. "రేపు పొద్దుగాల కోటియ్యాలె. గవి మల్లొస్తయి!"

"రానియ్యే. గా సప్పుడు ఇనుకుంట నేను కుట్టలేను."

అప్పుడే కరెంటు పోయింది. పెళ్ళలు రాలుతున్నాయి. చీకట్లోంచి బాపు కేకేశాడు, "బట్ట పట్టు బిడ్డా! పిల్లలు కింద పడుతున్నయి, బండ మీద పడితె సస్తయి! ఏదన్న బట్ట పట్టు!"

చేతికందిన బట్ట లాగి పరిచి పట్టుకున్నాను. మెత్తగా ఉంది, బరువుగా ఉంది. టప్, టప్ మని పడ్డాయి. నా చేతి మీద ఒకటి పడి, వెచ్చగా పాకి, బట్టలోకి పోయింది. నేను అరవలేదు. ఆ ఒక్క గొప్ప నాకివ్వండి.

నానీ కందీలు తెచ్చింది. వెలుగులో చూస్తే నేను పట్టుకున్నది పెండ్లికొడుకు కోటు.

మీగడరంగు కోటు మీద ఎనిమిది ఎర్రటి ముద్దలు, సిమెంటు పొడి, పచ్చటి తడి. బాపు దిగి వచ్చి ఒకదాన్ని రెండు వేళ్ళతో మెల్లగా లాగాడు. అది తన చిన్న గోళ్ళతో ఉన్నిని ఎంత గట్టిగా పట్టుకుందంటే, చెయ్యి సాగింది గాని పట్టు వదల్లేదు. కిచ్ మని అరిచింది. బాపు వేళ్ళు తీసేశాడు.

"గుంజకు బేటా, చేతులు తెగుతయి," అంది నానీ. "గట్లనే గోడకు తగిలియ్యి. తల్లులొచ్చి తీసుకపోతయి."

పద్దెనిమిది రోజుల కోటును బాపు సందు కింద మేకుకు తగిలించి, భుజాలు సరిచేసి, వెనక్కి జరిగాడు. మేం గడపలో కూచుని చూశాం. ఒక తల్లి వచ్చి కాలరు మీద వాలింది. ముక్కుతో వెతుక్కుంటూ జేబులోకి దిగింది. బయటికి వచ్చినప్పుడు దాని పొట్టకు పిల్ల అతుక్కుని ఉంది. సందులోకి పోయింది. ఇంకోటి వచ్చింది. తన పిల్ల తనకు దొరికే దాకా ఎన్ని వాసనలు చూసిందో! నేను కొంగుతో ముక్కు మూసుకున్నాను గాని కళ్ళు మూసుకోలేదు. ఎనిమిదీ పోయాయి. తొమ్మిదోది నేను పట్టిన బట్టకు అవతల బండ మీద పడి ఉంది. నానీ చూపించింది. బాపు దాన్ని కోటు కత్తిరింపుల్లో మిగిలిన మీగడరంగు పీలికలో చుట్టి పెరట్లో పెట్టి వచ్చాడు.

తెల్లవారుజామున చన్నీళ్ళతో కడిగితే కంపు పోలేదు. ఉన్ని బట్టను వేణ్ణీళ్ళలో ముంచగూడదని బాపు కంటే తెలిసినవాళ్ళు ఎవరు? జీపు వచ్చే టైమవుతోంది. అవ్వ కుంకుడుకాయలు వేసి నీళ్ళు కాచింది. బాపు కళ్ళు మూసుకుని ముంచాడు. కంపు పోయింది, మరక పోయింది. పిండి, ఇస్త్రీపెట్టెతోనే ఆరబెట్టి తగిలించి చూస్తే, చేతులు నాలుగు వేళ్ళు పైకి పోయాయి. మధ్యాహ్నం దాకా ఉంటే అది చంటిపిల్లాడి చొక్కా అయ్యేదని ఇప్పటికీ నా అనుమానం.

"ఉన్నదున్నట్టు చెప్పు," అంది అవ్వ. "గబ్బిలాలు పడి కరాబైందని చెప్పు. మన తప్పేమున్నది?"

బాపు కొలతల పుస్తకం తీశాడు. పెండ్లికొడుకు పేరు దగ్గర చేతి పొడుగు అంకె చెరిపి, మూడు ఇంచులు తక్కువ వేసి, పెన్సిలు మళ్ళీ మళ్ళీ దిద్దాడు.

"పెండ్లి కోటు మీద గబ్బిలం వాలిందని తెలిసిందనుకో," అన్నాడు తలెత్తకుండా. "రేపు వాళ్ళింట్ల బర్రె సచ్చినా అపశకునమని గా వచ్చిన కోడలుపిల్లనే అంటరు. ఆమె ఏం జేసింది పాపం! మొకం గూడ సూడలే నేను."

జీపులో పటేలు తమ్ముడు వచ్చాడు. కోటు తనకే పట్టి చూసుకున్నాడు. ముఖం మారింది.

"ఏందిరా ఇది? చేతులేమైనయి?"

"కొలత తప్పిన నేను, పటేలా."

"గుడ్డోనివారా? టేపు పట్టుడు రాదా నీకు?"

"నాదే తప్పు పటేలా. సూడుర్రి, బుక్కుల గూడ గట్లనే రాసుకున్న." బాపు పుస్తకం చూపించాడు. దర్జీ నోటి నుంచి అంతకంటే చెడ్డ మాట రాదు. గుమిగూడిన వాళ్ళందరూ విన్నారు. వేరే దారి లేక కోటు తీసుకునే పోయారు. ఫోటోలు తర్వాత నేను చూశాను. అన్నిటిలోనూ పెండ్లికొడుకు చేతులు వెనక్కి కట్టుకుని, పోలీసులు పట్టుకుపోతున్నవాడిలా నిలబడ్డాడు. పిల్ల తరఫువాళ్ళు మాత్రం అల్లుడు ఎంత వినయమంతుడని మురిసిపోయారట. ఆ ఆలుమగలు ఈరోజుకూ నిక్షేపంగా పోట్లాడుకుంటూ బతుకుతున్నారు.

బోర్డు రాయించలేదు బాపు. పెద్దింటి బట్ట మళ్ళీ మా గడప తొక్కలేదు. లాగులు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టాడు చివరిదాకా. కొలతలిచ్చే ప్రతివాడూ, "చేతులు జర సూసి పెట్టు," అని నవ్వేవాడు. బాపు కూడా నవ్వేవాడు. దూలం కింద పాత దుప్పటి ఒకటి అడ్డంగా కట్టాడు. పెంటంతా అందులోనే పడేది, నానీ దాన్ని తీసుకుపోయి మల్లెచెట్టుకు వేసుకునేది. ఆ దుప్పటి ముందే కట్టి ఉంటే సరిపోయేది. ఎవరికీ తట్టలేదు.

ఇన్నేళ్ళలో నేను చాలామందికి చాలా కథలు చెప్పాను, ఒక్కోటీ పదింతలు చేసి. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. జీపు పోయి, జనం పోయాక, బాపు పుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని దిద్దిన అంకెను చూస్తూ కూచున్నాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. నేను సూసిన, బాపూ, పిల్లలున్నయని నాకు ఎరికే, అని చెప్పాలి. అంతే. బాపు తలెత్తి, నేనేదో చెబుతానని చాలాసేపు ఎదురుచూశాడు. నోరు తెరిచాను.

"ఆకలైతుంది బాపూ," అన్నాను.

"సరే బిడ్డా. పా, తిందాం," అన్నాడు.